కొలువు కోసం కచీనా బొమ్మ కొన్నాం, ఇప్పుడు మనసు పీకుతోంది

చాండ్లర్_శ్రావణి

పోయిన నెల సెడోనా నుంచి తిరిగి వస్తూ దారిలో ఒక గిఫ్ట్ షాపు దగ్గర ఆగాం. మా పాపకి తొమ్మిదేళ్ళు. ఒక బొమ్మ ముందు నిలబడి కదలనంది. జానెడున్నర ఎత్తు ఉంటుంది. గద్ద రెక్కలు చాచి ఒంటికాలి మీద నిలబడింది. కాళ్ళకి తోలు, నడుముకి కుందేలు బొచ్చు, ముఖానికి నీలం రంగు. షాపతను "హోపీ కచీనా, చేత్తో చేసింది, వానలు తెస్తుంది" అన్నాడు. హోపీలంటే ఇక్కడ అరిజోనాలో ఉండే ఒక స్థానిక అమెరికన్ తెగ. 85 డాలర్లు. దసరా కొలువులో పెడదామని తెచ్చాం.

ఇంటికొచ్చి తిరగేసి చూస్తే పీఠం అడుగున "ఈగిల్ డాన్సర్" అని, పక్కన ఒక పొట్టి సంతకం. హోపీ అన్న మాట ఎక్కడా లేదు. బిల్లు మీద "నేటివ్ స్టైల్ డాల్" అని ఉంది. ఆఫీసులో ఒకావిడకి ఫొటో చూపిస్తే "ఇది హోపీలది కాదు. వాళ్ళు చేసేవాటిని వాళ్ళు బొమ్మలు అని కూడా అనరు" అంది. అంతకంటే ఏమీ చెప్పలేదు. నాకూ ఆవిణ్ణి తరిచి అడగాలనిపించలేదు.

మోసపోయామా అన్నది ఒకటి. అసలైనదే దొరికినా దాన్ని మన కొలువులో పెట్టొచ్చా అన్నది ఇంకొకటి. ఈ రెండోదే నన్ను ఎక్కువ తొలిచేస్తోంది.


టెంపీ_రవి

85కి ఇంత ఎత్తున్న హోపీ చేతి పని దొరకడం కష్టమండీ. ఇలాంటిదైతే వందల్లో ఉంటుంది. పేరున్న చెక్కుడు పనివాళ్ళదైతే వేలల్లో.


ఫ్లాగ్‌స్టాఫ్_మామ

పన్నెండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను, హోపీ ఊళ్ళున్న మెసాల (బల్లపరుపు కొండల) వైపు ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్తాను. అమ్మా శ్రావణీ, నువ్వు చెప్పిన గుర్తులన్నీ చూస్తే అది షాపుల కోసం తయారైన సరుకే. తోలు, బొచ్చు, అతికించిన ఈకలు, గుండ్రంగా కోసిన చెక్క పీఠం, ఇలాంటివి చాలావరకు హోపీల పొరుగు తెగ నవాహో వాళ్ళు చేస్తారు. కొన్ని ఎవరు చేస్తారో కూడా తెలియదు. నవాహో వాళ్ళు చేసి "నవాహో చేసినది" అని అమ్మితే చట్టప్రకారం తప్పు లేదు. కానీ కట్సీనాలు (షాపువాళ్ళు కచీనా అనేవి) నవాహోల నమ్మకంలోవి కావు, హోపీలకి ఈ విషయంలో చాలా బాధ ఉంది.

1990లో ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ చట్టం వచ్చింది, ఇండియన్ అంటే ఇక్కడ అమెరికా స్థానిక తెగలు. ఒక తెగవాళ్ళు చేయనిదాన్ని ఆ తెగవాళ్ళు చేశారని అమ్మితే మొదటి తప్పుకే రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా, ఐదేళ్ళ దాకా జైలు. అందుకే బిల్లు మీద "స్టైల్" అని రాస్తారు. ఆ మాట పెట్టాక ఎవరు చేశారన్నది కాగితం మీద ఎక్కడా ఉండదు. నోటితో హోపీ అన్నాడు చూడు, అక్కడ తప్పు చేశాడు.


టెంపీ_రవి

మామా, ఆ ఈకలు గద్దవైతే ఇంకో తలనొప్పి కదా? దగ్గర ఉంచుకోవడమే నేరం అంటారు.


ఫ్లాగ్‌స్టాఫ్_మామ

గద్దవి కావు, కంగారుపడొద్దు. షాపు బొమ్మలకి పెట్టేవి ఎక్కువగా రంగు వేసిన కోడి, టర్కీ ఈకలు. గద్ద, డేగ, వలస పక్షుల ఈకలున్న వస్తువులు అమ్మకూడదు. 1918 చట్టం ఒకటి, 1940 చట్టం ఒకటి ఉన్నాయి. అందుకే హోపీ పనివాళ్ళు ఈకల్ని కూడా చెక్కలోనే చెక్కడం మొదలుపెట్టారు. ఒక్కో ఈకకి మధ్య ఈనె, దానికి రెండు పక్కలా సన్నటి గీతలు, చివర చిన్న చీలిక. మొదటిసారి చూసినప్పుడు నేను ఊదితే ఎగురుతుందేమో అనుకున్నాను.


చాండ్లర్_శ్రావణి

బొమ్మ అనరు అందిగా ఆవిడ. మరి ఏమంటారు?


ఫ్లాగ్‌స్టాఫ్_మామ

తీహు. ఒకటైతే తీహు, ఎక్కువైతే తితు. కచీనా అనేది బయటివాళ్ళ నోట్లో తిరిగిన మాట, హోపీ భాషలో "చ" పలుకు లేదు. వాళ్ళనేది కట్సీనా, బహువచనం కట్సీనమ్. కట్సీనమ్ అంటే మేఘాలతో, వానతో, పూర్వీకులతో ముడిపడ్డ ఆత్మలు. దేవుళ్ళని కాదు, మనుషుల ప్రార్థనల్ని మోసుకెళ్ళి వానని మోసుకొచ్చేవాళ్ళని. ఫ్లాగ్‌స్టాఫ్ పైన కనిపించే శాన్ ఫ్రాన్సిస్కో శిఖరాలు ఉన్నాయే, 12,600 అడుగులు దాటిన కొండ, అది వాళ్ళ ఇల్లు. శీతాకాలం నడుమ ఊళ్ళలోకి వస్తారు, ఫిబ్రవరిలో పొవముయ, జులైలో నీమన్ అనే వేడుకలు, నృత్యాలు ఉంటాయి, ఆ తరువాత తిరిగి ఇంటికి వెళ్ళిపోతారు. సగం ఏడాది మనుషులతో, సగం ఏడాది కొండ మీద.

తీహుని ఆ కట్సీనాలే ఆడపిల్లలకి ఇస్తారు. కొనుక్కునేది కాదు, అడిగి తీసుకునేదీ కాదు, ఊరంతా చూస్తుండగా చేతికి వచ్చేది. పసిపాపకి మొదట ఇచ్చేది పలకలాంటి బల్లపరుపు తీహు. చేతులు కాళ్ళు ఉండవు, ముఖం, ఒంటి మీద రంగు గీతలు మాత్రమే. పిల్ల పెరిగేకొద్దీ గుండ్రటి ఒళ్ళున్నవి వస్తాయి. గోడకో దూలానికో వేలాడదీస్తారు. పిల్ల రోజూ చూస్తూ ఎవరు ఎవరో గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. మగపిల్లలకి విల్లు, బాణాలు ఇస్తారు.

నృత్యాల గురించి ఇంతకు మించి రాయను. అక్కడి పిల్లలకే దీక్ష అయ్యేదాకా చెప్పని సంగతులున్నాయి.


సీమబిడ్డ_అనంతపురం

వాన అన్నారు కాబట్టి నేను మాట్లాడాలి. మాది అనంతపురం. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే పడినట్టు. హోపీ ఊళ్ళకి అందులో సగం కూడా పడదు. అయినా వాళ్ళు కాలవ లేకుండా, బోరు లేకుండా మొక్కజొన్న పండిస్తారు. గింజని జానెడు పైగా లోతున, అడుగు తేమ తగిలేదాకా కర్రతో గుంట తవ్వి పెడతారు. గుంటకీ గుంటకీ మధ్య నాలుగైదడుగులు వదులుతారు. అంత దూరం ఎందుకంటే ఉన్న తేమని పంచుకోవాలిగా.

మా ఊళ్ళో వాన రాకపోతే పిల్లలు రోకలికి కప్పని కట్టి ఇంటింటికీ తిప్పేవాళ్ళు. మా నాయనమ్మ బిందెడు నీళ్ళు తెచ్చి పోసేది, ఆ ఏడు తాగడానికి సరిగా లేకపోయినా పోసేది. అలాంటి ఇంట్లో పుట్టినవాడికి తీహు ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. శ్రావణి గారూ, మీ మనసు పీకడం సరైనదే.


కళారాధన

నాకు వేరే అభిప్రాయం ఉంది. అమ్మకానికి పెట్టిన క్షణం అది కళావస్తువు. ఆంద్రే బ్రెతాన్, మాక్స్ ఎర్న్‌స్ట్ లాంటి యూరప్ సర్రియలిస్టులు వీటిని సేకరించబట్టే ప్రపంచానికి తెలిసింది. బారీ గోల్డ్‌వాటర్, 1964లో అధ్యక్ష పదవికి పోటీ చేసిన ఆయన, చిన్నప్పటి నుంచి కూడబెట్టిన 400 పైచిలుకు బొమ్మలు ఫీనిక్స్ హెర్డ్ మ్యూజియంలో ఉన్నాయి కాబట్టే నేను చూడగలిగాను. పవిత్రం, పవిత్రం అంటూ అన్నీ తలుపు వెనక పెట్టేస్తే ఎవరికి ఉపయోగం? హోపీలే అమ్ముతున్నారుగా!


మిథిల_పి

@కళారాధన, ఉపయోగం ఎవరికి అనే ప్రశ్న వాళ్ళని అడగాలి కదా, మనల్ని కాదు. 2013 ఏప్రిల్ 12న పారిస్‌లో డ్రూఓ వేలంశాలలో 70 దాకా వేలం వేశారు. హోపీలు, అమెరికా రాయబారి బతిమాలినా, కోర్టుకి వెళ్ళినా ఆగలేదు. తొమ్మిది లక్షల యూరోల పైన అమ్ముడయ్యాయి. ఇదేనా మీరు చెప్పే ప్రపంచానికి తెలియడం?


ఫ్లాగ్‌స్టాఫ్_మామ

మిథిలా, ఒక్క సవరణ. పారిస్‌లో వేలం వేసినవి తితు కావు, ముసుగులు. హోపీలు వాటిని ముసుగులు అని కూడా అనరు, "స్నేహితులు" అంటారు. ప్రాణమున్నవాటిగా చూస్తారు, తిండి పెడతారు. అవి ఊరి మొత్తానికి చెందినవి, ఏ ఒక్కరికీ అమ్మే హక్కు లేదు. తీహు అలా కాదు, చెక్కినవాడు అమ్ముకోవచ్చు. ఈ రెండూ కలిపేస్తే కళారాధన గారికి జవాబు చెప్పలేం.

ఆ ఏడాదే డిసెంబరులో ఇంకో వేలం జరిగింది. అన్నెన్‌బర్గ్ ఫౌండేషన్ ఎవరికీ చెప్పకుండా ఫోన్లో పాడి 24 వస్తువులు 5,30,000 డాలర్లకి కొని తిరిగి ఇచ్చేసింది. 21 హోపీలకి, 3 శాన్ కార్లోస్ అపాచీ తెగకి.


మిథిల_పి

ఒప్పుకుంటాను మామా, కలిపేశాను. ఇలాంటివి దేశం దాటకుండా ఆపడానికి అమెరికాలో చట్టం వచ్చింది 2022 డిసెంబరులో. తొమ్మిదేళ్ళు పట్టింది, నాకు దాని మీద కోపం.


కళారాధన

ముసుగుల విషయంలో నేనూ మీ పక్షమే. వాటిని అమ్మకూడదు. నేను మాట్లాడింది తితు గురించే. అవి అమ్మకానికి చెక్కుతున్నప్పుడు కొనేవాడు తప్పు చేశాననే బాధతో కొనాలా?


పోణికి_కర్ర

కళారాధన గారి ప్రశ్న మంచిదే. దీనికి ఒక పెద్దమనిషి చేసి చూపించిన దారి ఉంది. ఒరాయ్‌బీ అనే హోపీ ఊరికి పెద్ద, తవక్వాప్తేవా. 1906లో ఆ ఊరు రెండుగా చీలినప్పుడు పెద్దగా ఉన్నది ఆయనే. 1960లో పోయాడు. ఊరికి వచ్చే సందర్శకులకి ఆయన చెక్కి అమ్మేవాడు. కానీ ఒకరి చెవులు, ఇంకొకరి ముఖం, మరొకరి రంగులు కలిపేసేవాడు. చూడటానికి కట్సీనాలాగే ఉంటుంది, నిజానికి ఏ కట్సీనా కాదు. కొన్నవాడికి బొమ్మ దక్కింది, ఇవ్వకూడనిది ఊళ్ళోనే ఉంది.

ఇక కర్ర సంగతి. మా తాతల కాలం నుంచి కొండపల్లిలో ఇదే పని, నేను ఇప్పుడు బెజవాడలో వేరే ఉద్యోగంలో ఉన్నా చేతికి ఆ వాసన పోలేదు. మేం వాడేది తెల్ల పోణికి, తేలిక, మెత్తన. సన్నటి సెగ మీద చెమ్మ పోయేదాకా కాచి, ముక్కలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సుద్ద పూసి రంగులేస్తాం. హోపీలు వాడేది కాటన్‌వుడ్ చెట్టు వేరు. కొమ్మ కాదు, మొద్దు కాదు, వేరు మాత్రమే కావాలి. మెత్తగా, పగలకుండా ఉంటుంది. వాగులో వరదకి కొట్టుకొచ్చి ఒడ్డున ఆగిన వేళ్ళని ఏరుకొచ్చి ఏళ్ళ తరబడి ఎండబెడతారు. వాళ్ళూ రంగుకి ముందు తెల్లమన్ను పూస్తారు. ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. సముద్రాలకి అటూ ఇటూ ఒకరినొకరు ఎరగని రెండు చేతులు మెత్తటి కర్ర మీద తెల్లసుద్ద పూస్తున్నాయి!


టెంపీ_రవి

కాటన్‌వుడ్ అంటే మన బూరుగేగా?


పోణికి_కర్ర

కాదు రవీ. గింజకి దూదిలాంటిది ఉంటుంది కాబట్టి ఆ పేరు. అది పోప్లార్ జాతి. ఎడారిలో ఆ చెట్టు కనబడితే కింద నీళ్ళున్నట్టే. వాన కోసం చేసే బొమ్మకి నీళ్ళని వెతుక్కుంటూ పోయిన వేరు.


సీమబిడ్డ_అనంతపురం

ఈ ఒక్క మాట కోసం ఈ థ్రెడ్ దాచుకుంటున్నాను.


గోదారి_అత్తయ్య

నలభై ఏళ్ళుగా కొలువు పెడుతున్నదాన్ని. రెండో ప్రశ్న నాది. (సంక్రాంతికా దసరాకా అని ఇక్కడ మొదలుపెట్టకండి, దానికి వేరే థ్రెడ్ ఉంది, అది మూడేళ్ళుగా నడుస్తోంది.)

మా కొలువులో పై మెట్టు దేవుళ్ళది. కింద పెళ్ళి బృందం, కూరగాయల అంగడి, పోలీసు, మా మనవడి డైనోసారు అన్నీ ఉంటాయి. బొమ్మలకి కొలువు ఎప్పుడూ కాదనదు తల్లీ. కానీ మామ గారు చెప్పింది చదివాక నాకు అనిపించేది ఇది. పై మెట్టు మీద పెట్టి హారతి ఇస్తే, దేవుడు కానిదాన్ని దేవుణ్ణి చేసినట్టు. కింద డైనోసారు పక్కన పెడితే, ఒక ఆడపిల్లకి దీవెనగా ఇచ్చేదాన్ని ఆటబొమ్మ చేసినట్టు. అందుకని నేనైతే మెట్ల మీద పెట్టను. గోడకి వేలాడదీస్తాను, వాళ్ళు పెట్టుకున్నట్టే. పేరంటానికి వచ్చినవాళ్ళు అడిగితే అదేమిటో చెబుతాను.


మిథిల_పి

అత్తయ్యగారూ, రంగుల సంగతి కూడా చెప్పండి వచ్చినవాళ్ళకి. పసుపు వాయవ్యం, నీలం నైరుతి, ఎరుపు ఆగ్నేయం, తెలుపు ఈశాన్యం. ఎందుకు మూలలే అంటే, వాళ్ళ దిక్కులు ఉత్తరాయణం, దక్షిణాయనం మొదట్లో సూర్యుడు పొడిచే, కుంకే చోట్లు. నలుపు పైకి, అన్ని రంగులూ కలిస్తే కిందకి.


గోదారి_అత్తయ్య

అష్టదిక్కుల్లో నాలుగు మూలలూ వచ్చాయన్నమాట. రాసుకున్నాను.


ఫ్లాగ్‌స్టాఫ్_మామ

అత్తయ్యగారూ, మీకోసం ఇంకొకటి. పొవముయకి ముందు చలికాలంలో కీవాల్లో, అంటే భూమిలోకి దిగే గదుల్లో, చిక్కుడు గింజలు మొలకెత్తిస్తారు. బయట మంచు, లోపల పచ్చటి మొలకలు. మన పెళ్ళిళ్ళలో పాలికల్లో నవధాన్యాలు మొలకెత్తించినట్టే ఉంటుంది. తీహు, మొలకలు ఆ పండుగలో పిల్లలకి వస్తాయి.

ఒక బాధ కూడా చెప్పుకోవాలి. నేను చెప్పిన ఆ శిఖరాల మీదే మంచు ఆటల రిసార్టు ఉంది. శుద్ధి చేసిన మురుగునీటితో మంచు తయారుచేస్తామంటే హోపీలు, నవాహోలు, ఇంకా చాలా తెగలు కోర్టుకి వెళ్ళాయి. 2008లో ఓడిపోయారు. 2012 చలికాలం నుంచి ఆ నీళ్ళతోనే మంచు పడుతోంది. నా కిటికీలోంచి కొండ కనబడుతుంది. ఆ తెల్లటి చారల్లో ఏది ఆకాశం నుంచి పడిందో ఏది గొట్టంలోంచి వచ్చిందో ఇక్కడి నుంచి తెలియదు.


కళారాధన

ఇది నాకు తెలియదు. బొమ్మల గురించి ఇంత చదివి ఆ కొండ గురించి చదవలేదు.


చాండ్లర్_శ్రావణి

అందరి మాటలూ రెండేసిసార్లు చదివాను. షాపుకి ఫోన్ చేస్తే వాపసు తీసుకోం అన్నారు. ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ బోర్డుకి ఫిర్యాదు రాశాను, బిల్లు ఫొటో, పీఠం ఫొటో పెట్టి. వచ్చే శనివారం మెసాలకి వెళ్తున్నాం. మామా, తెలుసుకోవాల్సినవి చెప్పండి.


ఫ్లాగ్‌స్టాఫ్_మామ

ఫీనిక్స్ వైపు నుంచి నాలుగున్నర గంటలు వేసుకో. కెమెరా కారులోనే వదిలెయ్, ఊళ్ళలో ఫొటో, వీడియో, రికార్డింగ్, బొమ్మ గీసుకోవడం కూడా నిషేధం. ముందు సెకండ్ మెసాలో కల్చరల్ సెంటర్ దగ్గర ఆగి అడుగు. ఇళ్ళ ముందు చిన్న బోర్డులుంటాయి, తలుపు తట్టి అడిగితే చూపిస్తారు. చెక్కినవాళ్ళ చేతి నుంచే కొను, అది ఏ కట్సీనా అని అడుగు, చెప్పినంతే విను. గడియారం జాగ్రత్త. వేసవిలో నవాహో నేల మీద ఒక గంట ముందు, దాని మధ్యలో ఉన్న హోపీ నేల మీద మళ్ళీ మన టైమే. ఫోన్ దారంతా మారుతూ ఉంటుంది.


టెంపీ_రవి

పాపని తప్పకుండా తీసుకెళ్ళండి.


చాండ్లర్_శ్రావణి

వెళ్ళొచ్చాం. ఫొటో లేదు, మాటల్లోనే రాస్తాను.

కొండ అంచున రాతి ఇళ్ళు. కింద చూస్తే ఇసుక చేలు, వాటిలో విడివిడిగా మొక్కజొన్న దుబ్బులు, సీమబిడ్డ గారు చెప్పినంత ఎడంతో. ఒక ఇంటి ముందు బోర్డు చూసి తలుపు తట్టాం. అరవై దాటిన ఆయన లోపలికి రమ్మన్నారు. కిటికీ పక్కన బల్ల, దాని మీద ఆకురాయి, చిన్న చాకు, గరుకు కాగితం ముక్కలు. ఒళ్ళో మోచేయంత వేరు. ఆకురాయి తిప్పుతుంటే పొట్టు మోకాళ్ళ మీద తెల్లగా రాలుతోంది. పాపని చేయి చాపమని ఆ వేరు ముక్క పెట్టారు. ఏదో బరువు మొయ్యబోతున్నట్టు రెండు చేతులూ పట్టిన పిల్ల, చేతులు పైకి లేచేసరికి నవ్వేసింది. అంత తేలిక.

గోడకి ఉన్నవాటిలో కొన్ని అమ్మకానికి, కొన్ని మనవరాళ్ళవి. మనవరాళ్ళవి ఏవో ఆయనే ముందు చెప్పారు. పాప అమ్మకానికున్న ఒక బల్లపరుపు దాని ముందు ఆగింది. తెల్లటి ముఖం, రెండు బుగ్గల మీద ఎర్రటి గుండ్రాలు. ఎవరిది అని అడిగితే "హహయ్-ఈవూతి. అందరికీ అమ్మ. నీళ్ళు పోస్తుంది. పాపాయిలకి మొదట వచ్చేది ఈవిడే" అన్నారు. అడుగున ఆయన పేరు, ఊరు, అది ఏ కట్సీనానో, అన్నీ ఉన్నాయి. బేరం ఆడలేదు. పాతదాని గురించి కూడా చెప్పాను, సిగ్గుపడుతూనే. ఆయన ఏమీ అనలేదు, పాపకేసి చూసి "నీకు దీని సంగతి తెలుసుగా ఇప్పుడు" అన్నారు.

వచ్చేటప్పుడు ఆయన భార్య నీలం మొక్కజొన్నతో చేసిన పీకీ ఇచ్చారు. అత్తయ్యగారూ, అది అచ్చు పూతరేకు! కాలిన రాతి మీద జారుడు పిండిని అరచేత్తో ఒక్క విసురుగా పూసి, కాగితంలాంటి పొరని తీసి చుడతారు. బూడిద నీలం రంగు, చక్కెర లేదు, నోట్లో పెడితే పటపటమని విరిగి కరిగిపోయింది. ఆత్రేయపురం అమ్మాయిని, మెచ్చుకోకుండా ఉండలేకపోయాను.


గోదారి_అత్తయ్య

చేత్తోనా! మేం బట్ట ముంచి కుండ మీద పరుస్తాం, దానికే చేతులు కాలతాయి. ఆవిడకి నా నమస్కారం.


పోణికి_కర్ర

అమ్మా, రంగు ఎలాంటిది? మట్టి రంగా, డబ్బా రంగా?


చాండ్లర్_శ్రావణి

మట్టి రంగులే అన్నారు. వేలు తగిలితే కొంచెం పొడి అంటుకుంది.


పోణికి_కర్ర

అయితే తడిబట్ట అస్సలు తగలనివ్వకు. దుమ్ము పడితే మెత్తటి కుంచెతో పైనుంచి కిందకి, అదీ ఎప్పుడో ఒకసారి. ఎండ పడని గోడ చూసుకో. వంటింటి పక్క గోడ వద్దు, తాలింపు జిడ్డు పట్టిందంటే ఇక రాదు.


చాండ్లర్_శ్రావణి

పాప మంచం పక్క గోడ, తూర్పు కిటికీకి ఎదురు కాకుండా. మేకు ఇప్పుడే కొట్టాం. పాతది పుస్తకాల అరలో ఉంది, దాని కింద పాప "ఎవరు చేశారో తెలియదు" అని తెలుగులో చీటీ రాసి పెట్టింది.